‘లెర్న్’ అంటే నేర్చుకోవడం ఒక్కటేనా? ఈ చిన్న ఇంగ్లీష్ పదం దగ్గర మనం ఎక్కడ తడబడుతున్నామంటే..

‘లెర్న్’.. ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా అర్థం చెప్పేస్తాడు. లెర్న్ అంటే నేర్చుకోవడం. అంతే కదా అనుకుంటాం. కానీ ఇదే పదం ఆఫీస్ మెయిల్‌లో కనిపించినప్పుడు, ఇంటర్వ్యూలో వాడాల్సి వచ్చినప్పుడు, చావు కబురు మోసుకొచ్చే మెసేజ్‌లో ఎదురైనప్పుడు చాలామంది తడబడుతుంటారు. ఎందుకంటే లెర్న్‌కి నేర్చుకోవడం ఒక అర్థం మాత్రమే. మరి మిగతావి ఏంటి? టీచ్, స్టడీ, నో లాంటి పదాలతో దీనికి తేడా ఏంటి? మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు ఏంటి? ఇప్పుడు తెలుసుకుందాం.

ముందుగా నేను చేసిన తప్పు..

ఇతరుల తప్పులు చెప్పేముందు నాదొకటి చెప్పాలి. డెస్క్‌లో చేరిన కొత్తలో సంగతి ఇది. నైట్ షిఫ్ట్. ఒక రోడ్డు ప్రమాదం గురించి ఇంగ్లీష్ కాపీ వచ్చింది. చనిపోయిన వ్యక్తి ఇంట్లోవాళ్లకు పక్కింటివాళ్లు చెబితేగానీ విషయం తెలియలేదని అందులో ఉంది. అక్కడ వాడిన మాట ‘లెర్న్ట్ అబౌట్ హిజ్ డెత్’. నిద్రమత్తులో, కంగారులో నేను రాసింది ఏంటో తెలుసా? ‘అతని మరణం గురించి కుటుంబ సభ్యులు పక్కింటివారి నుంచి నేర్చుకున్నారు’ అని.

అదృష్టం కొద్దీ పేజీలోకి వెళ్లకముందే మా ఇన్‌ఛార్జ్ సార్ చూశారు. తిట్టలేదు. ‘నేర్చుకోవడానికి అదేమైనా పాఠమా అమ్మా? ఆ ఇంట్లోవాళ్లు ఈ వార్త చదివితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు’ అన్నారంతే. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ‘తెలిసింది’ అని రాయాల్సిన చోట ‘నేర్చుకున్నారు’ అని రాశా. పదం ఒక్కటే మారింది. కానీ ఒక కుటుంబం కష్టం నవ్వులపాలు అయ్యేది.

ఆ తర్వాత నుంచి లెర్న్ ఎక్కడ కనిపించినా ఒక క్షణం ఆగి చూడటం అలవాటైంది. అలా చూస్తుంటే దీని లెక్క అర్థమైంది.

లెర్న్‌కి ప్రధానంగా 4 అర్థాలు

1. నేర్చుకోవడం: ఇది అందరికీ తెలిసిందే. ఒక విద్య, ఒక పని, ఒక భాష నేర్చుకోవడం. ‘షీ ఈజ్ లెర్నింగ్ టైలరింగ్’ అంటే ఆమె కుట్టుపని నేర్చుకుంటోంది అని.

2. తెలుసుకోవడం, తెలియడం: ఒక విషయం మన చెవిన పడటం. ‘ఐ లెర్న్డ్ దట్ ద ఎగ్జామ్ వాజ్ పోస్ట్‌పోన్డ్’ అంటే పరీక్ష వాయిదా పడిందని నాకు తెలిసింది అని. ఇక్కడ నేర్చుకోవడం అనే ఊసే లేదు.

3. కంఠస్థం చేయడం: పద్యమో, ఎక్కాలో, డైలాగులో బట్టీ పట్టడం. నటుడు ‘ఐ హావ్ టు లెర్న్ మై లైన్స్’ అన్నాడంటే తన డైలాగులు నోటికి పట్టాలని అర్థం. మరింత స్పష్టంగా చెప్పాలంటే ‘లెర్న్ బై హార్ట్’ అంటారు.

4. బుద్ధి తెచ్చుకోవడం: అనుభవంతో మారడం. ‘హి నెవర్ లెర్న్స్’ అంటే వాడికి ఎప్పటికీ బుద్ధి రాదు అని. ‘హి లెర్న్డ్ హిజ్ లెసన్’ అంటే తగిన శాస్తి జరిగి బుద్ధి వచ్చిందని.

చూశారా.. మనకు తెలుగులో నాలుగు వేర్వేరు మాటలు ఉన్నచోట ఇంగ్లీష్‌లో ఒక్క మాటే పని కానిచ్చేస్తోంది. అందుకే లెర్న్ కనిపించగానే ‘నేర్చుకోవడం’ అని ఫిక్స్ అయిపోతే దెబ్బతింటాం. దాని తర్వాత ఏముందో చూడాలి. తర్వాత విద్యో, పనో ఉంటే నేర్చుకోవడం. సమాచారం ఉంటే తెలియడం. చాలావరకు ఈ లెక్క సరిపోతుంది.

‘సారీ టు లెర్న్’ అంటే కంగారుపడొద్దు

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు, ఐటీ ఉద్యోగులకు ఇది బాగా అవసరం. ఇంట్లో ఎవరైనా పోయారని సెలవు పెట్టాక ఆఫీస్ నుంచి ‘ఐ యామ్ సారీ టు లెర్న్ అబౌట్ యువర్ ఫాదర్’ అని మెసేజ్ వస్తుంది. పదానికి పదం పెట్టి చూస్తే ‘మీ నాన్న గురించి నేర్చుకున్నందుకు సారీ’ అన్నట్టు వింతగా అనిపిస్తుంది. నిజానికి ‘మీ నాన్నగారి సంగతి తెలిసి బాధపడ్డాను’ అని వాళ్లు పరామర్శిస్తున్నారు. ఇక్కడ సారీ అంటే క్షమాపణ కూడా కాదు, సానుభూతి. దీనికి ‘థాంక్యూ’ అని చెబితే చాలు. ‘ఇట్స్ ఓకే’ అని జవాబు ఇస్తే అంతగా అతకదు.

మాట్లాడేటప్పుడు ఇదే అర్థంలో ‘హియర్’ కూడా వాడతారు. ‘సారీ టు హియర్’ అని. లెర్న్ కాస్త మర్యాదగా, రాతలో ఎక్కువగా కనిపించే మాట. స్నేహితుల మధ్య అయితే ‘ఫౌండ్ అవుట్’ అంటారు.

‘ఐ కేమ్ టు నో’ మాటేంటి?

‘నాకు తెలిసింది’ అని చెప్పాల్సి వస్తే మనలో చాలామంది నోటి వెంట ‘ఐ కేమ్ టు నో’ అనే వస్తుంది. ఇందులో గ్రామర్ తప్పేమీ లేదు. కానీ బయటి దేశాల్లో ఆ మాటను మెల్లమెల్లగా, కాలంతో పాటు తెలిసొచ్చిన సంగతులకు వాడతారు. ‘నిన్న సాయంత్రం తెలిసింది’ లాంటి సందర్భాల్లో ‘ఐ లెర్న్డ్’, ‘ఐ ఫౌండ్ అవుట్’, ‘ఐ హర్డ్’ అంటే సహజంగా ఉంటుంది.

వార్తల్లో ‘ఇట్ ఈజ్ లెర్న్ట్ దట్’ అంటే..

ఇంగ్లీష్ పేపర్లు చదివేవాళ్లు ఈ మాట చూసే ఉంటారు. మన దేశంలోని పత్రికల్లో ఇది బాగా వాడుకలో ఉంది. తెలుగు వార్తల్లో దీనికి సరిగ్గా సరిపోయే మాటలు మీకు బాగా పరిచయమే. ‘తెలిసింది’, ‘తెలుస్తోంది’, ‘సమాచారం’. ఫలానా మంత్రి రాజీనామా చేయనున్నట్లు తెలుస్తోంది అంటాం కదా.. అదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మాట ఉందంటే విషయం ఎవరో చెప్పారు గానీ, వాళ్లు పేరు బయటపెట్టలేదని అర్థం. అధికారిక ప్రకటన ఇంకా రాలేదని కూడా. కాబట్టి ఇలాంటి వార్త చూసిన వెంటనే ‘కన్ఫామ్’ అంటూ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయకుండా కాస్త ఆగడం మంచిది. సెలవులు, పరీక్ష తేదీలు, ఉద్యోగ నోటిఫికేషన్ల విషయంలో మరీ ముఖ్యం.

‘లెర్న్ మీ’ అంటారా? ‘టీచ్ మీ’ అంటారా?

ఇంటర్వ్యూల్లో, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో తరచూ వినిపించే తప్పు ఇది. ‘మా చెల్లికి స్కూటీ నేర్పించా’ అని చెప్పాలనుకుని ‘ఐ లెర్న్డ్ మై సిస్టర్ స్కూటీ’ అనేస్తారు. కరెక్ట్ మాట ‘ఐ టాట్ మై సిస్టర్ టు రైడ్ ఎ స్కూటర్’. నేర్చుకునేవాళ్లకు లెర్న్, నేర్పేవాళ్లకు టీచ్.

మరి ఈ తప్పు ఎందుకు వస్తుంది? కారణం మన తెలుగులోనే ఉంది. నేర్చుకోవడం, నేర్పడం, నేర్పించడం.. మూడూ ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. నేర్పు, నేర్పరి కూడా ఆ కుటుంబమే. మనకు ఒకే మాట రూపం మార్చుకుంటే సరిపోతుంది. ఇంగ్లీష్‌లో మాత్రం రెండు వేర్వేరు పదాలు. కాబట్టి బుర్రలో తెలుగు తిరుగుతున్నప్పుడు నోట్లో లెర్న్ రావడం సహజం.

ఇంకో ఆసక్తికరమైన విషయం ఏంటంటే.. ఒకప్పుడు ఇంగ్లీష్‌వాళ్లు కూడా లెర్న్‌ని నేర్పడం అనే అర్థంలో వాడేవాళ్లు. షేక్‌స్పియర్ రాసిన ‘ద టెంపెస్ట్’ నాటకంలో క్యాలిబన్ అనే పాత్ర, తనకు భాష నేర్పినవాళ్లను తిడుతూ ఈ పదాన్ని అలాగే వాడుతుంది. ఇంగ్లండ్, అమెరికాల్లోని కొన్ని యాసల్లో ఇప్పటికీ ‘ఐ విల్ లెర్న్ యూ’ అంటే నీకు బుద్ధి చెప్తా అనే అర్థం ఉంది. కాకపోతే నేటి ప్రామాణిక ఇంగ్లీష్‌లో అది తప్పు కింద లెక్క. పరీక్షలో, ఇంటర్వ్యూలో వాడకూడదు. కానీ ఆ తప్పు చేసినవాళ్లను చూసి నవ్వాల్సిన పని కూడా లేదు.

లెర్న్, స్టడీ.. రెండూ ఒకటేనా?

కాదు. దీనికి మన తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. ‘స్కూల్లో చాలా ఏళ్లు హిందీ చదివా.. కానీ రాలేదు’ అంటుంటాం. ఇందులో చదవడం స్టడీ. రావడం లెర్న్. స్టడీ అంటే పుస్తకం ముందు కూర్చుని చేసే ప్రయత్నం. లెర్న్ అంటే ఆ ప్రయత్నానికి ఫలితం, తలకెక్కడం. ‘ఐ స్టడీడ్ హిందీ, బట్ ఐ డిడ్ నాట్ లెర్న్ మచ్’ అంటే సరిగ్గా అదే.

పుస్తకం పట్టకుండా కూడా లెర్న్ చేయొచ్చు. అమ్మ దగ్గర వంట, నాన్న దగ్గర వ్యవసాయం నేర్చుకున్నవాళ్లు స్టడీ చేయలేదు, లెర్న్ చేశారు. అలాగే ‘వాట్ ఆర్ యూ స్టడీయింగ్?’ అని అడిగితే మీ కోర్సు పేరు చెప్పాలి. ‘వాట్ ఆర్ యూ లెర్నింగ్?’ అని అడిగితే ఏ విద్య, ఏ నైపుణ్యం మీద పనిచేస్తున్నారో చెప్పాలి.

మనవాళ్లు ఎక్కువగా చేసే 4 తప్పులు

మొదటిది.. ‘ఐ యామ్ లెర్నింగ్ ఇంగ్లీష్ ఫ్రమ్ టూ ఇయర్స్’. ‘రెండేళ్ల నుంచి’ అనే తెలుగు మాటను నేరుగా మార్చడం వల్ల ఇది వస్తుంది. ‘ఐ హావ్ బీన్ లెర్నింగ్ ఇంగ్లీష్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. ఎంతకాలంగా అని చెప్పేటప్పుడు ‘ఫర్’. ఎప్పటి నుంచి అని మొదలైన సంవత్సరం చెప్పేటప్పుడు ‘సిన్స్ 2023’ అని ‘సిన్స్’ వాడాలి.

రెండోది.. ‘ఐ లెర్న్డ్ టు డ్రైవింగ్’. లెర్న్ తర్వాత ‘టు’ వస్తే దాని పక్కన ‘ఇంగ్’ రాదు. ‘ఐ లెర్న్డ్ టు డ్రైవ్’ లేదా ‘ఐ లెర్న్డ్ డ్రైవింగ్’ అనొచ్చు. ‘ఐ లెర్న్డ్ హౌ టు డ్రైవ్’ అన్నా కరెక్టే.

మూడోది.. ‘ఐ నో డ్రైవింగ్’. నాకు డ్రైవింగ్ వచ్చు అని చెప్పడానికి ఇలా అంటారు. మన దగ్గర అందరికీ అర్థమవుతుంది. కానీ ‘ఐ కెన్ డ్రైవ్’ లేదా ‘ఐ నో హౌ టు డ్రైవ్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. నేర్చుకోవడం లెర్న్, నేర్చుకున్నాక వచ్చేది ‘నో’ లేదా ‘కెన్’.

నాలుగోది.. ‘ఐ బైహార్టెడ్ ద ఆన్సర్’. బైహార్ట్ అనేది మనం ఇక్కడ తయారుచేసుకున్న క్రియ. మన దేశం దాటితే చాలామందికి అర్థం కాదు. ‘ఐ లెర్న్డ్ ఇట్ బై హార్ట్’ లేదా ‘ఐ మెమరైజ్డ్ ఇట్’ అనాలి.

లెర్న్డా? లెర్న్ట్‌నా?

ఇది చాలామందికి ఉండే డౌట్. జవాబు సింపుల్. రెండూ కరెక్టే. అమెరికాలో ‘లెర్న్డ్’ అనే రాస్తారు. బ్రిటన్‌లో రెండూ నడుస్తాయి. మన దేశంలో కూడా రెండూ కనిపిస్తాయి. ఒక లెటర్‌లోనో, ఒక వ్యాసంలోనో ఏదో ఒకటే ఎంచుకుని చివరిదాకా అదే రాస్తే సరిపోతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అవే అక్షరాలతో ఇంకో పదం ఉంది. దాన్ని ‘లెర్‌నెడ్’ అని రెండు ముక్కలుగా విరిచి పలకాలి. దాని అర్థం పండితుడైన, బాగా చదువుకున్న అని. కోర్టు సీన్లలో ‘మై లెర్‌నెడ్ ఫ్రెండ్’ అని లాయర్లు అనుకోవడం వినే ఉంటారు. ఎదుటి న్యాయవాదిని గౌరవంగా పిలిచే పద్ధతి అది. ఇక్కడ ‘ట్’తో రాసే స్పెల్లింగ్ మాత్రం పనికిరాదు.

‘లెర్నింగ్ లైసెన్స్’ కాదు.. లెర్నర్స్ లైసెన్స్

మన ఊళ్లలో ఎల్ఎల్ఆర్ అంటే అందరికీ తెలుసు. చాలామంది దాన్ని ‘లెర్నింగ్ లైసెన్స్’ అంటారు. అసలు పేరు ‘లెర్నర్స్ లైసెన్స్’. నేర్చుకునేది లైసెన్స్ కాదు కదా, మనిషి. లెర్నర్ అంటే నేర్చుకుంటున్న వ్యక్తి. ఆ వ్యక్తికి ఇచ్చే లైసెన్స్ అన్నమాట.

దీని గడువు 6 నెలలు. ఇది వచ్చిన 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్స్ టెస్ట్‌కి వెళ్లొచ్చు. నేర్చుకునే సమయంలో బండికి ముందు, వెనుక తెల్ల బోర్డు మీద ఎర్ర రంగులో కనిపించే ‘ఎల్’ అక్షరం కూడా ఈ లెర్నర్‌దే. రోడ్డు మీద ఆ బోర్డు కనిపిస్తే వెనక నుంచి హారన్ మోగించకుండా కాస్త జాగా ఇవ్వండి. వాళ్లు నేర్చుకుంటున్నామని బహిరంగంగా చెప్పుకుంటున్నారు.

మెషీన్ కూడా లెర్న్ చేస్తుందా?

ఏఐ వచ్చాక ‘మెషీన్ లెర్నింగ్’ అనే మాట రోజూ వింటున్నాం. ఇదేదో నిన్నమొన్న పుట్టిన మాట అనుకుంటే పొరపాటే. ఐబీఎం కంపెనీలో పనిచేసిన ఆర్థర్ శామ్యూల్ 1959లోనే తన పరిశోధన వ్యాసానికి ఈ మాటను పేరులో పెట్టారు. ఆడేకొద్దీ తన ఆట మెరుగుపరుచుకునే చెక్కర్స్ ప్రోగ్రామ్ గురించి అందులో వివరించారు. ప్రతి ఎత్తునూ మనిషి చెప్పకుండా, ఆడిన ఆటల నుంచి కంప్యూటరే మెరుగుపడటాన్ని ఆయన ‘లెర్నింగ్’ అన్నారు. అంటే ఇక్కడ లెర్న్‌కి అర్థం అనుభవంతో మెరుగుపడటం.

ఈ మాటలు కూడా గుర్తుపెట్టుకోండి

లెర్న్ ద హార్డ్ వే: దెబ్బ తిని తెలుసుకోవడం. అప్పు ఇచ్చి మోసపోయాక తత్వం బోధపడినట్టు.

లెర్న్ ద రోప్స్: కొత్త ఉద్యోగంలో పని కిటుకులు పట్టుకోవడం. రోప్స్ అంటే తాళ్లు. తెరచాప ఓడల్లో ఏ తాడు ఎందుకో తెలియనిదే పని నడిచేది కాదు.

లెర్న్ టు లివ్ విత్ ఇట్: మార్చలేని దానికి అలవాటు పడటం. షుగర్ వచ్చినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు అనే మాట ఇది.

అన్‌లెర్న్: నేర్చుకున్నదాన్ని వదిలించుకోవడం. పాత అలవాటు మానుకోవడానికి వాడతారు.

ఇప్పుడు మీరే చెప్పండి

కింది తెలుగు వాక్యాలకు ఇంగ్లీష్‌లో ఏమంటారో ముందు మీరు అనుకుని, తర్వాత జవాబు చూడండి.

‘మా అన్నయ్య నాకు ఈత నేర్పాడు’.. ‘మై బ్రదర్ టాట్ మీ టు స్విమ్’.

‘నాకు ఈత వచ్చు’.. ‘ఐ కెన్ స్విమ్’.

‘ఆర్నెల్ల నుంచి ఈత నేర్చుకుంటున్నా’.. ‘ఐ హావ్ బీన్ లెర్నింగ్ టు స్విమ్ ఫర్ సిక్స్ మంత్స్’.

‘పూల్ మూసేశారని నిన్న తెలిసింది’.. ‘ఐ లెర్న్డ్ యెస్టర్‌డే దట్ ద పూల్ హాడ్ క్లోజ్డ్’.

ఈ నాలుగూ తడబడకుండా చెప్పగలిగితే లెర్న్ మీకు వచ్చేసినట్టే.

చివరిగా ఒక మాట..

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు చాలామంది ఇంటర్వ్యూ గదిలో సబ్జెక్ట్ తెలిసి కూడా నోరు విప్పరు. ‘లెర్న్ అనాలా, టీచ్ అనాలా’ అన్న అనుమానం దగ్గరే ఆగిపోతారు. నాకు తెలిసినవాళ్లలోనే అలాంటివాళ్లు ఉన్నారు. మాట తప్పు పోతే అవతలివాళ్లు సరిచేసే అవకాశమైనా ఉంటుంది. మాట్లాడకపోతే మీకు ఏం వచ్చో వాళ్లకు తెలిసే దారే లేదు. నైట్ షిఫ్ట్‌లో నా కాపీ చూసి సార్ ఆ ఒక్క మాట చెప్పకపోతే, నేను ఈ ఆర్టికల్ రాసేదాన్నే కాదు. మీ పక్కన ఎవరైనా ‘ఐ లెర్న్డ్ హిమ్’ అంటే నవ్వకండి. ‘టాట్’ అనాలని మెల్లగా చెప్పండి.